‘చాలు’ అన్నది ఎవరు? ప్రవర, కుచేల, వామన కథల్లో సంతృప్తికి ఆధారాలు

పోతనను, శ్రీనాథుణ్ణి పక్కపక్కన నిలబెట్టి చెప్పుకొనే కథలు తెలుగునాట తరతరాలుగా ఉన్నాయి. ఒకరు బమ్మెరలో నాగలి పట్టి, భాగవతాన్ని శ్రీరామునికి అంకితమిచ్చి, ఉన్నదానితో తృప్తిపడినవారు. మరొకరు రాజాస్థానాల్లో సన్మానాలు పొంది, భోగాలు అనుభవించి, చివరికి బాకీ తీర్చలేక బాధపడినవారు. ఈ పోలికలో సాహిత్య చరిత్ర ఎంత ఉందో చెప్పడం కష్టం గాని, నీతి మాత్రం నిండుగా ఉంది. శ్రీనాథుని కడపటి రోజులవిగా ప్రసిద్ధమైన చాటుపద్యాన్ని సాధారణంగా ఈ నీతికి సాక్ష్యంగానే చూపుతారు. లెక్క చూసుకోకుండా ఖర్చు చేసినవాడికి చివరికి పట్టిన గతి అని దాని తాత్పర్యం చెబుతారు.

ఆ పద్యంలో అటువంటి మాట ఒక్కటీ లేదు. బొడ్డుపల్లెలో నేలను గుత్తకు తీసుకోవడం, పైరును కృష్ణానది వరద ఊడ్చుకుపోవడం, మిగిలిన నువ్వులూ పెసలూ పిట్టల పాలుకావడం, ఏడువందల టంకాలు చెల్లించే దారి లేకపోవడం అందులో ఉన్నాయి. అంటే అది ఒక కౌలుదారు నష్టాల పట్టిక. దాన్ని చెప్పినది శ్రీనాథుడేనా కాదా అన్న చర్చ వేరు. పద్యం చెప్పే కారణం పంటనష్టం. లోకం అంటగట్టిన కారణం దుబారా. వరదలో పైరు పోయిన ఏ రైతుకైనా ఈ తాత్పర్యం చెబితే అతను ఒప్పుకొంటాడా అన్నది వేరే చెప్పనక్కరలేదు.

సంతృప్తి, మితవ్యయం, అపరిగ్రహం వంటి విషయాలపై ఉన్న తెలుగు పద్యాల పట్ల మన పఠన సంప్రదాయం చాలావరకు ఇలాగే ప్రవర్తించింది. పద్యాన్ని కథనుంచి విడదీసి, కంఠస్థం చేసి, సూక్తిగా నిలబెట్టింది. సుమతీ శతకం, వేమన పద్యాల విషయంలో ఇందువల్ల పెద్ద నష్టం లేదు. అవి విడివిడిగా నిలబడడానికే పుట్టిన పద్యాలు. కావ్యంలోనో పురాణంలోనో ఒక పాత్ర నోట, ఒక సందర్భంలో వచ్చిన మాటల విషయంలో మాత్రం నష్టం ఉంది. మంచం ఉన్నంతవరకే కాళ్లు చాపుకోవాలంటుంది సామెత. ఆ మంచం ఎవరు చేయించారో, దాని మీద ఎందరు పడుకోవాలో సామెత అడగదు. కథ అడుగుతుంది. ‘చాలు’ అన్న మాటను ఎవరు అంటున్నారు, వారి చేతిలో ఎంత ఉంది, ఆ మాటకు ఖరీదు ఎవరు చెల్లిస్తున్నారు అన్న ప్రశ్నలతో మూడు ప్రసిద్ధ కథలను తిరిగి చదవడం ఈ వ్యాసం ఉద్దేశం. కాలక్రమంలో పోతన ముందువాడైనా, ఇక్కడ ఇళ్ల స్థితినిబట్టి వరుస మారింది. మొదటిది నిండిన ఇల్లు, రెండవది ఖాళీ ఇల్లు, మూడవది ఇల్లే లేని వడుగు.

నిండిన ఇల్లు ప్రవరునిది. మనుచరిత్ర ప్రథమాశ్వాసంలో పెద్దన అతని గుణవర్ణన చేస్తూ, రాజులు సాలగ్రామం వంటివి ఇవ్వజూపినా పుచ్చుకోనివాడంటాడు. దానంగా సాలగ్రామాన్ని స్వీకరించడంలో కూడా దోషం చూసే నిష్ఠ అది. ప్రవరుని నైష్ఠికత గురించి చెప్పిన ప్రతిచోటా ఈ అంశం ఉదాహృతమవుతుంది. అంతగా ఉదాహృతం కానిది అదే పద్యంలో దాని వెంటనే వచ్చే సమాచారం. అతని మాన్యక్షేత్రాలు రకరకాలుగా పండుతాయి. ఇంట్లో పాడికీ పంటకీ ఎన్నడూ కొరత లేదు. పెద్దన ఈ రెండింటినీ ఒకే పద్యంలో, ఒకే ఊపిరిలో చెప్పాడు. మాన్యం అంటే పన్ను లేకుండా అనుభవించే భూమి. అది ప్రభువులు ఇస్తేనే వస్తుంది. రాజు ఇచ్చేదాన్ని ప్రవరుడు నిరాకరించగలుగుతున్నాడంటే, ఆ నిరాకరణ కింద అంతకుముందే ప్రభుత్వం ఇచ్చిన నేల పరచుకొని ఉంది. ఇది ప్రవరుని మీద ఆక్షేపణ కాదు. అతని అపరిగ్రహానికి ఆదాయమార్గం ఉన్నదని కవి స్వయంగా చూపాడన్నది మాత్రమే ఇక్కడి పరిశీలన. కృష్ణదేవరాయలనుంచి కోకట మొదలైన అగ్రహారాలు పొందిన సంగతి పెద్దనదిగా ప్రసిద్ధమైన చాటుపద్యంలో వినబడుతుంది. మాన్యం విలువ, అది ఇచ్చే నిశ్చింత ఆ కవికి పుస్తకాలనుంచి తెలిసినవి కావు.

ఆ ఇంటి మరో ఆధారం గృహిణి. వేలమంది వచ్చినా వండడానికి అలసిపోదని, అర్ధరాత్రి అతిథి వచ్చినా కావలసినవన్నీ పెడుతుందని, ఆమె అన్నపూర్ణకు సాటి అని పెద్దన చెప్పాడు. ప్రవరుని ఆతిథ్యకీర్తి ఆమె పొయ్యి దగ్గర తయారవుతోంది. ‘చాలు’ అనే హక్కు ఆమెకు ఉన్నదో లేదో కావ్యం చెప్పదు. అలసట లేదని మాత్రం ఆమె తరఫున చెప్పింది.

ఇంత నిండిన ఇంట్లో ప్రవరునికి ఒక కొరత ఉంది. ధనం కాదు, దేశాలు. తీర్థయాత్రికులు వచ్చారని వింటే ఎదురువెళ్లి తీసుకువచ్చి, పూజించి, వారు చూసిన క్షేత్రాల గురించి అడిగి తెలుసుకుంటాడు. ఇంటిని, అగ్నులను, శిష్యులను వదిలి వెళ్లే వీలు అతనికి లేదు. అంటే కాలం విషయంలో, నడక విషయంలో అతని శక్తికి ఒక మేర ఉంది. సిద్ధుడు వచ్చి తాను తిరిగిన చోట్లన్నీ చెప్పగానే ఆ మేర అతనికి ఇరుకైంది. తనను కూడా కృతార్థుణ్ణి చేయమని అతను అడిగాడు. రాజునుంచి సాలగ్రామం పుచ్చుకోనివాడు సిద్ధుని దగ్గర పాదలేపం పుచ్చుకొన్నాడు. ఈ రెండు ఘట్టాలనూ పక్కపక్కన పెట్టి చూడడం అవసరం. ధనం దగ్గర అంత జాగ్రత్తగా ఉన్న మనిషి, ధనం కాని కోరిక దగ్గర ఏ విచారణా చేయలేదు. పెద్దన ఇక్కడ ఒక చిన్న వివరం పొందుపరిచాడు. సిద్ధుడు ఆ పసరు ఇదీ అని చెప్పకుండానే పూసి వెళ్లిపోయాడు. అది ఎంతసేపు ఉంటుంది, దేనికి కరుగుతుంది అని ఒకరు చెప్పలేదు, ఒకరు అడగలేదు.

మంచునీటికి ఆ లేపం కరిగిపోయిందని ప్రవరునికి తెలిసేది తిరిగి రాబోయేటప్పుడే. వెళ్లడానికి పనికివచ్చి, రావడానికి మిగలని ఈ శక్తి లక్షణం అప్పు లక్షణమే. తన కాళ్ల సత్తువకు మించిన దూరం అతను అరువు వేగంతో వెళ్లాడు. తీర్చవలసిన సమయానికి చేతిలో ఏమీ లేదు. వరూధినీ ప్రవరుల ఘట్టాన్ని ఇంద్రియనిగ్రహానికి ఉదాహరణగా చదవడం పరిపాటి, అందులో తప్పు లేదు కూడా. కాని ఆ నిగ్రహానికి పరీక్ష రావలసిన అవసరం ఎక్కడ పుట్టిందని వెనక్కు నడిస్తే పాదలేపం దగ్గర ఆగుతాం. చివరకు అతను ఇల్లు చేరిన విధం కూడా ఈ చదువుకు అనుగుణంగానే ఉంది. వరూధిని సాయంతో కాదు, మరో సిద్ధుని మందుతో కాదు. ప్రతిదినం తాను ఆరాధించిన అగ్నిదేవుణ్ణి ప్రార్థించి ఇల్లు చేరాడు. పోయిన దారి అరువుది, వచ్చిన దారి సొంత సంపాదనది. పెద్దన ఉద్దేశపూర్వకంగా ఇలా కూర్చాడని చెప్పనవసరం లేదు. కూర్పులో ఆ లెక్క సరిపోయిందన్నది మాత్రం స్పష్టం.

ప్రవరుని ఇంటినుంచి కుచేలుని ఇంటికి వచ్చేసరికి మాన్యం లేదు, పాడి లేదు, పంట లేదు. సంస్కృత భాగవతం దశమస్కంధంలో ఈ బ్రాహ్మణునికి పేరు లేదు. ‘కుచేల’ అన్నది అక్కడ చిరిగిన బట్టలవాడన్న విశేషణం. తెలుగులో విశేషణం పేరుగా స్థిరపడింది. మనిషిని అతని లేమితోనే పిలిచే అలవాటు పల్లెల్లో కొత్తేమీ కాదు.

మూలంలో అతను తనంతట తాను లభించినదానితో జీవించే గృహస్థు. పోతన ఈ భావానికి ఒక లెక్క కట్టాడు. దీనుడై పరులను అడగబోక, తనకుతానుగా దొరికిన ఒక్క కాసునైనా పదివేలుగా భావించి తృప్తిపడేవాడని, అలాగే భార్యాపుత్రులను పోషించుకొనేవాడని వర్ణించాడు. కాసును పదివేలు చేయడం మనసులో జరిగే గుణకారం. దాని గొప్పతనాన్ని కాదనలేం. తృప్తి గురించి తెలుగులో ఇంత తక్కువ మాటల్లో ఇంత కచ్చితంగా చెప్పిన చోట్లు అరుదు. అయితే పోతన ఇక్కడ ఆగి ఉంటే కుచేలుడు శతకపద్యంలోని మనిషిగా మిగిలిపోయేవాడు. ఆయన వెంటనే రెండో కొలతను తెచ్చాడు.

ఆ కొలత పిల్లలది. సంస్కృత మూలంలో ఆకలితో చిక్కిన భార్య ఉంది, కుటుంబభారంతో బాధపడే గృహస్థు అన్న మాట ఉంది. పెదవులు తడుపుకొంటూ, ఆకలిమంటకు చిక్కిపోయి, చేతుల్లో ఆకుదొన్నెలు పట్టుకొని తల్లి దగ్గరకు వచ్చి పట్టెడన్నం పెట్టమని అడిగే పిల్లలు పోతన చూపిన పిల్లలు. ఆ మాటలు తల్లి చెవుల్లో సూదుల్లా దిగాయని కూడా ఆయనే చెప్పాడు. కాసు పదివేలు అవుతుంది. పట్టెడు మాత్రం పట్టెడే. దాన్ని భావనతో పెంచలేం. ఒకే ఇంట్లో ఒకే రోజున రెండు కొలమానాలు పనిచేస్తున్నాయి. తండ్రి కొలత మనసులో ఉంది, తల్లి కొలత ఖాళీ కుండలో ఉంది. ఈ రెండింటి మధ్య నిలబడి మాట్లాడవలసిన భారం ఆ తల్లి మీద పడింది. ఆమె మాటను ఆశగానో, లోకరీతిగానో, భర్త వైరాగ్యాన్ని కదిలించే సంసారపు పోరుగానో వ్యాఖ్యానించేవారు ఒక సంగతి గమనించాలి. పోతన ఆమెను ఉత్తమ పతివ్రతగా, సద్వంశజాతగా పరిచయం చేసిన తర్వాతే, పిల్లల ఆకలి చెప్పిన తర్వాతే ఆమె చేత మాట్లాడించాడు. ఆమె నగలు అడగలేదు, మేడ అడగలేదు. ఆమె అన్నది, ఉన్నది చాలడం లేదని. ‘చాలు’ అనడం ఎంత ధర్మమో, చాలనప్పుడు చాలదనడం కూడా అంత ధర్మమేనని ఈ ఉపాఖ్యానం ఒప్పుకొంటుంది. ఆమె మాట్లాడకపోతే కుచేలుడు ద్వారకకు బయలుదేరడు, కథే లేదు.

అటుకుల విషయంలో మూలం మరొక రహస్యం బయటపెడుతుంది. మిత్రునికి కానుకగా ఏదైనా ఉందా అని అతను అడిగితే, ఆమె ఇరుగుపొరుగు విప్రుల దగ్గర నాలుగు పిడికిళ్ల అటుకులు యాచించి తెచ్చి, గుడ్డముక్కలో కట్టి ఇచ్చింది. అతను అయాచితవృత్తిలో ఉన్నవాడు, ఎవరినీ అడగడు. ఆ నియమం చెడకుండా ద్వారకదాకా వెళ్లడానికి కావలసిన సరుకు ఆమె అడుక్కొని తెచ్చింది. భర్త అడగకపోవడం భార్య అడగడం మీద నిలబడింది. కృష్ణుడు ఎంతో ఇష్టంగా నోట వేసుకొన్న ఆ పిడికెడు అటుకులు, ఖాతాపరంగా చూస్తే, పొరుగువారికి ఆమె పడిన బాకీ. ఈ కథను చిత్రపటాల్లో, హరికథల్లో స్నేహానికి గుర్తుగా చూపేటప్పుడు ఆ పొరుగిళ్ల గడపలు కనబడవు.

తిరుగుదారిలో కుచేలుడు అనుకొన్న మాటలను కూడా తృప్తికి తార్కాణంగా చెబుతారు. సంపద ఇస్తే మదించి తనను మరుస్తానని కృష్ణుడు ఏమీ ఇవ్వలేదని అతను సమాధానపడ్డాడు. వట్టి చేతులతో ఇంటికి వస్తున్న గృహస్థు తనకుతాను చెప్పుకొన్న సమాధానం ఇది. నిజాయితీ ఉన్నదే. కాని ఇంటి దగ్గర దొన్నెలు పట్టుకొని ఎదురుచూస్తున్నవారికి ఇది సమాధానం కాదని కవికీ తెలుసు, దేవునికీ తెలుసు. అందుకే ఇల్లు అప్పటికే మారిపోయి ఉంది. కుచేలుడు ఆ సంపదను తిరస్కరించలేదు. భార్యతో కలిసి, ఆసక్తి లేకుండా అనుభవించాడు. లేమిలో తృప్తి ఒక్కటే విలువైనదైతే కృష్ణుడు ఆ సంపద ఇవ్వడం అతనికి అపకారం కావాలి. పోతన అలా చూడలేదు.

మూడో కథలో తృప్తిని గురించిన ఉపన్యాసమే ఉంది. వామనుడు మూడడుగుల నేల అడిగాడు. బట్టలు, మాడలు, గోవులు మొదలుకొని ఏమి కావాలన్నా అడగమని బలి అప్పటికే చెప్పి ఉన్నాడు. ఇంత కొంచెమా, దాత స్థాయికి తగినట్టు అడగమంటాడు. అప్పుడు వామనుడు, తనవంటి వడుగుకు గొడుగు, జన్నిదం, కమండలం వంటివి తగినవిగాని రాజ్యభూములు ఎందుకని, ఆశకు అంతు లేదని, సముద్రం చుట్టిన భూమండలాన్ని ఏలిన వైన్యుడు, గయుడు వంటి రాజులు కూడా ఆశను దాటలేకపోయారని, సంతుష్టుడే మూడు లోకాల్లో పూజ్యుడని బోధించాడు. అష్టమస్కంధంలోని ఈ పద్యాలు బడిపిల్లల నోళ్లలో నాని, పద్యపఠన పోటీల్లో మోగి, సంతృప్తిమీద తెలుగువారి ప్రామాణిక వాక్యాలయ్యాయి.

ఈ మాటలన్న మనిషి కొన్ని క్షణాల్లో రెండడుగులతో లోకాలన్నీ కొలిచి, మూడో అడుగుకు చోటు చూపమంటాడు. సందర్భంలో పెట్టి చదివినప్పుడు పోతన పద్యంలోని ప్రతిమాటా రెండు అంచులతో ఉంటుంది. మూడడుగుల మేర తన పాలిట బ్రహ్మాండమని వామనుడు అన్నప్పుడు బలికి అది వినయం. పాఠకునికి అది పత్రంలో రాసిన కొలత. శ్రోతకు తెలియనిది వక్తకు తెలుసు. అల్పసంతోషం ఇక్కడ గుణం కాదు, వేషం. ఆ వేషం భగవంతునిది కాబట్టి భక్తుడు దాన్ని లీలగా స్వీకరిస్తాడు. అది పురాణం పరిధిలో పూర్తిగా సమంజసం. ఆ పద్యాన్ని కథనుంచి కోసి, ఉన్నదానితో సరిపెట్టుకొమ్మని పేదవాడికి బోధించడానికి వాడుకొన్నప్పుడు లీల పోతుంది. మిగిలేది, అన్నీ తీసుకోబోయేవాడు ఇవ్వబోయేవానికి చేసిన తృప్తిబోధ.

ఈ ఘట్టంలో ఆదాయవ్యయాల భాష మాట్లాడినవాడు ఒకే ఒక్కడు, శుక్రాచార్యుడు. ధర్మానికి, కీర్తికి, తిరిగి అర్థానికి, భోగానికి, తనవారికి అని సొమ్మును ఐదు భాగాలు చేసుకొన్నవాడు ఇహపరాల్లో సుఖపడతాడని సంస్కృత భాగవతంలో అతను బలికి చెప్పాడు. ఉన్నంతలో బతకడం గురించి ఈ కథలో వినబడే అసలైన సలహా ఇదే. ఇందులో దానం వద్దనడం లేదు. దానానికి ఒక భాగం, బతుకుకు ఒక భాగం అనే విభాగం ఉంది. సర్వం ఇచ్చేస్తే ఎలా బతుకుతావన్న ప్రశ్న ఉంది. బలి ఆ సలహాను కాదని మాట నిలుపుకొన్నాడు, మహనీయుడయ్యాడు. శుక్రుడు కలశరంధ్రానికి అడ్డుపడి, దర్భపోటుకు కన్ను పోగొట్టుకొన్నాడని తెలుగు కథ చెబుతుంది. లెక్క చెప్పినవాణ్ణి మన కథాసంప్రదాయం పిసినారుల గురువుగా, ఒంటికంటివానిగా మిగిల్చింది. బలి త్యాగాన్ని తగ్గించకుండానే శుక్రుని గృహస్థనీతిని గౌరవించవచ్చు. ఒకరు చక్రవర్తికి ఆదర్శం, మరొకరు జీతం రాళ్లతో నెల గడపవలసిన ఇంటికి ఆదర్శం. రెండో ఇంటివారికి మొదటి ఆదర్శాన్ని చూపడంలో విమర్శకులూ, బోధకులూ కొంత నిర్దయగా ఉన్నారని చెప్పక తప్పదు.

పురాణాన్ని, ప్రబంధాన్ని ఇలా పద్దుపుస్తకంగా చదవడం రసదృష్టికి విరుద్ధమన్న అభ్యంతరం రావచ్చు. కాని కాసు, పట్టెడు, నాలుగు పిడికిళ్లు, మూడడుగులు, మాన్యక్షేత్రం అన్నవి విమర్శకుడు బయటనుంచి తెచ్చినవి కావు. కవులే రసస్థానాల్లో కొలతలను పెట్టారు. కుచేలుని పిల్లల ఘట్టంలో కరుణ ఎక్కడ పుడుతున్నదని చూస్తే, ఆ పట్టెడు అన్న కొలత దగ్గరే పుడుతోంది. దాన్ని తీసివేసి ‘దారిద్ర్యం’ అన్న సామాన్యపదం పెడితే పద్యం చల్లారిపోతుంది.

కుచేలుని భార్య మాట్లాడిన చోటునుంచి ఆధునిక కథలోకి ఒక దారి ఉంది. చాగంటి సోమయాజులు (1915–1994) రాసిన ‘వాయులీనం’లో రాజ్యం జబ్బుపడుతుంది. చిన్న ఆదాయం, చేతిలో డబ్బు లేదు. పెళ్లికి ముందు ఆమె నేర్చుకొని, సంసారంలో పడ్డాక మూలపడిన వాయులీనాన్ని వైద్యం ఖర్చుల కోసం భర్త అమ్ముతాడు. ఉన్నంతలో సర్దుకోవడమంటే ఇదే. ఇందులో దుర్మార్గుడు లేడు. భర్తకు భార్య మీద ప్రేమ లేకపోలేదు. ఇంట్లో అమ్మదగినది ఏది అని వెతికినప్పుడు చెయ్యి ఆమె వాయులీనం మీదికి వెళ్లింది, అంతే. మిగిలిన డబ్బుతో ఆమెకు ఒక చీర వస్తుంది. చాసో దీని మీద తీర్పు చెప్పలేదు; వాయులీనం పోయింది, ప్రాణం మిగిలింది, చీర వచ్చింది అని పద్దు మూసి పక్కన పెట్టాడు. ఆ చీరను చూసి ఆమెకు తృప్తి కలిగిందా అని అడిగే పాఠకునికి, ‘చాలు’ అన్నది ఆమెనా, ఆ ఇంటి పరిస్థితా అన్నది అంత తేలికగా తేలదు.